ఎడారిలో నీళ్ల దగ్గర కెమెరా: చూసేదెంత, చూడనిదెంత

జూన్ నెల అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు సొనోరన్ ఎడారికి గడ్డుకాలం. చలికాలపు జల్లులు ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి. వేసవి వానలు సాధారణంగా జూలైకి గాని అందుకోవు. ఈ మధ్య రోజుల్లో టూసాన్, ఫీనిక్స్ చుట్టుపక్కల పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. అప్పుడు ఏ బండ నీడలోనో అడుగు లోతు నీళ్లు మిగిలి ఉంటే చుట్టూ ఉన్న కొండల్లోని ప్రాణులు అక్కడికే దారి పడతాయి. ఆ నీళ్లకు ఎదురుగా, జంతువు కదిలితే దానంతట అదే చిత్రం తీసే ట్రయల్ కెమెరా ఒకటి కట్టి, వారం తర్వాత మెమరీ కార్డు తీసి చూస్తే, అదే దారిలో ఏళ్ల తరబడి నడిచినా కంటపడని జంతువులు వరసగా కనిపిస్తాయి. బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లి, తోడేలు జాతికి చెందిన కయోటీ, బూడిద రంగు నక్క, పందిలా కనిపించే జావెలీనాల మంద, మ్యూల్ డీర్ జింకలు, అదృష్టం ఉంటే తెల్లవారుజామున ప్యూమా అనే పెద్ద పిల్లి ఒకటి.

ఇన్ని చిత్రాలు చూసి మురిసిపోని వారుండరు. నేనూ మురిసిపోతాను. అయితే ఆ చిత్రాలు చూసి ‘ఈ ఎడారిలో ఇన్ని జంతువులున్నాయి, ఈ నీళ్లు లేకపోతే ఇవన్నీ చచ్చిపోయేవి’ అనేవాళ్లను చూస్తే మాత్రం ఆపి మాట్లాడాలనిపిస్తుంది. ఆ చిత్రాలు రెండు జల్లెడల గుండా జారి మన చేతికి వస్తాయి. మొదటిది నీళ్లు: తాగడానికి వచ్చేవే అక్కడ కనిపిస్తాయి. రెండోది వేడి: వచ్చినవాటిలో సెన్సర్ పసిగట్టగలిగినవే చిత్రంలో పడతాయి. కెమెరా ఎక్కడ కట్టాలి, ఏ దిక్కుకు తిప్పాలి, నీళ్లు ఎలా పెట్టాలి, వచ్చిన చిత్రాలను ఎలా చదవాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబులు ఈ రెండిటి దగ్గరే దొరుకుతాయి.

ముందు నీళ్ల సంగతి. ఎడారిలో బతికే ప్రతి జంతువూ నీళ్లకోసం అల్లాడుతుందని మనం అనుకుంటాం. కంగారూ ఎలుక అందుకు పూర్తిగా భిన్నం. అది ఎండు గింజలు తింటుంది. ఆ గింజల్లోని పోషకాలు ఒంట్లో కరిగి శక్తిగా మారేటప్పుడు పుట్టే కొద్దిపాటి నీరే దానికి చాలు. పగలంతా బొరియలో గడిపి, మూత్రాన్ని బాగా చిక్కగా విసర్జించి, ఉన్న తేమను పొదుపు చేసుకుంటుంది. బతికినంత కాలం ఒక్క గుక్క తాగకపోయినా దానికి లోటు లేదు. కిట్ ఫాక్స్ అనే చిన్న ఎడారి నక్కకు కావలసిన తేమలో చాలా భాగం అది తినే ఎలుకల్లో, కుందేళ్లలోనే ఉంటుంది. ఎడారి తాబేలు వాన పడినప్పుడు బయటికి వచ్చి కడుపునిండా తాగి, ఆ నీటిని మూత్రాశయంలో నెలల తరబడి దాచుకుంటుంది. తాబేలును చేత్తో ఎత్తవద్దని అక్కడి అధికారులు పదే పదే చెప్పేది ఇందుకే. బెదిరిపోయి ఆ నీటిని వదిలేస్తే వేసవి గడవడం దానికి ప్రాణగండం.

జావెలీనాలది మరో దారి. అవి నాగజెముడు మట్టలను ముళ్లతో సహా నమిలేసి అందులోని తేమతో సరిపెట్టుకోగలవు. (మన రాయలసీమ గట్ల మీద పెరిగే నాగజెముడుకు పుట్టిల్లు అమెరికా ఖండమే.) మట్టలు నీరు పట్టి బొద్దుగా ఉన్న నెలల్లో అవి కుంట వైపు తక్కువగా వస్తాయి. మట్టలు ముడతలు పడి వాడిపోయినప్పుడు మందలు మందలుగా వచ్చి, తాగి, ఆ బురదలోనే పొర్లి పోతాయి. తెల్లరెక్కల గువ్వలు సగ్వారో అనే నిలువెత్తు కాక్టస్ పండ్ల కాలంలో ఆ పండ్ల రసంతోనే కొంత దాహం తీర్చుకుంటాయి. అంటే ఒకే జంతువు ఒక నెలలో కెమెరాకు రోజూ కనిపించి, మరో నెలలో పూర్తిగా మాయం కావచ్చు. మాయమైనంత మాత్రాన అది ఊరు విడిచి పోయినట్టు కాదు.

వానాకాలం మొదలైతే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అరిజోనాలో వేసవి వానల కాలాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు లెక్కిస్తారు. మొదటి పెద్ద వాన పడగానే ప్రతి బండ గుంటలోనూ నీళ్లు నిలుస్తాయి, వారం తిరిగేసరికి చిగుళ్లు వస్తాయి. నిన్నటిదాకా కిటకిటలాడిన కుంట బోసిపోతుంది. కొత్తగా కెమెరా పెట్టినవాళ్లు జంతువులకు ఏదో అయిందని కంగారు పడేది ఇప్పుడే. నిజానికి వాటికి మంచి రోజులు వచ్చాయి. కార్డు నిండా చిత్రాలు పడే జూన్ వాటి బతుకులో అత్యంత కష్టమైన నెల. మనకు పండుగైన రోజులు వాటికి కరువు రోజులు. ఈ సంగతి గుర్తున్నవాడు నీళ్ల దగ్గర ఎలా మసలుకోవాలో వేరే చెప్పించుకోడు.

ఇక రెండో జల్లెడ. ట్రయల్ కెమెరాలో కదలికను కనిపెట్టేది చిత్రం తీసే లెన్స్ కాదు. దాని కింద పాలరంగు ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది, అది ఫ్రెనెల్ లెన్స్. దాని వెనక చిన్న సెన్సర్. వస్తువులన్నీ తమ వేడిని బట్టి కంటికి కనపడని పరారుణ కిరణాలను వెలువరిస్తాయి. ఆ పొర ఎదుట ఉన్న స్థలాన్ని పట్టీలు పట్టీలుగా విడగొట్టి సెన్సర్ మీద పడేస్తుంది. సెన్సర్‌లో రెండు భాగాలుంటాయి. రెండిటి మీదా ఒకేలాంటి వేడి పడుతున్నంతసేపు అది మౌనంగా ఉంటుంది. ఒక నక్క అడ్డంగా నడిచి వెళితే ముందు ఒక భాగం మీద, తర్వాత రెండో భాగం మీద తేడా పడుతుంది. ఆ తేడాయే కెమెరాకు మేలుకొలుపు. అంటే సెన్సర్ జంతువును చూడదు, జంతువుకూ దాని వెనకున్న నేలకూ మధ్య ఉన్న వేడి తేడా కదలడాన్ని చూస్తుంది. ఆ తేడా లేకపోతే జంతువు ఎదుట నిలబడినా దాని లెక్కలో ఎవరూ లేనట్టే.

చలి దేశాల్లో ఈ తేడా ఎప్పుడూ పుష్కలంగా ఉంటుంది. మంచు మీద నడిచే జింక సెన్సర్‌కు దివిటీలా వెలుగుతుంది. ఎడారిలో అలా కాదు. జంతువు ఒంటి లోపలి వేడి 37 నుంచి 39 డిగ్రీల దాకా ఉన్నా, సెన్సర్‌కు కనిపించేది బొచ్చు పైపొర. అది చుట్టూ ఉన్న గాలి వేడికి దగ్గరగా ఉంటుంది. జూన్ ఎండలో నేల మాత్రం పొద్దున చల్లగా మొదలై మధ్యాహ్నానికి ఒంటి వేడిని ఎంతో మించిపోతుంది. మండే మధ్యాహ్నం సెన్సర్ పని చేయదని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు అక్కడ లేదు. నేల 55 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు జంతువు దానికంటే చల్లగా ఉంటుంది కదా, ఆ తేడా కూడా తేడాయే. చిక్కల్లా నేల వేడి, జంతువు వేడి సమానమయ్యే వేళల్లో ఉంది. పొద్దెక్కి నేల కాగుతున్నప్పుడు ఒకసారి, పొద్దుగూకి నేల చల్లారుతున్నప్పుడు ఇంకొకసారి, రోజుకు రెండు సార్లు ఆ సమానత్వం వస్తుంది. జంతువులు నీళ్లకు దిగే వేళలూ ఇంచుమించు అవే కావడం దురదృష్టం. సాయంత్రం చిత్రాలు లేవంటే సాయంత్రం ఎవరూ రాలేదని రాసేసుకునేవాళ్లు ఈ గుడ్డి వేళను లెక్కలోకి తీసుకోవాలి. ఎండాకాలంలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల కెమెరా పెట్టినా ఇదే భౌతికశాస్త్రం వర్తిస్తుంది.

బల్లులు, పాములు, తాబేళ్లకైతే ఈ సెన్సర్ దాదాపు పనికిరాదు. వాటి ఒంటి వేడి నేల వేడితోనే పెరిగి తరుగుతుంది. వాటిని చూడాలంటే సెన్సర్‌ను నమ్ముకోకుండా, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చిత్రం దానంతట అదే పడేలా పెట్టుకోవాలి. ఆ సదుపాయం ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. కార్డు త్వరగా నిండుతుంది, వేలకొద్దీ ఖాళీ చిత్రాలు తిరగేయాలి. అయినా గుడ్డి వేళల్లో సెన్సర్ ఎంత వదిలేస్తోందో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఒకే నీళ్ల దగ్గర రెండు కెమెరాలు, ఒకటి సెన్సర్ మీద, ఒకటి గడియారం మీద నడిపి పోల్చి చూస్తే మన కొలత ఎంత నమ్మదగ్గదో మనకే తెలుస్తుంది.

సెన్సర్ నడిచే తీరు అర్థమైతే కెమెరా కట్టే తీరు దానంతట అదే తేలుతుంది. ఎదురుగా సూటిగా నడిచి వచ్చే జంతువు ఒకే పట్టీలో ఉండిపోతుంది కాబట్టి ఆలస్యంగా పట్టుబడుతుంది. అడ్డంగా పోయేది వెంటనే పట్టుబడుతుంది. అందుకని నీళ్లకు వచ్చే దారిని ముందు చూసుకోవాలి. అడుగుజాడలు, పేడ, నలిగిన గడ్డి ఆ దారిని చెబుతాయి. కెమెరాను దానికి పక్కగా, జంతువు కెమెరా చూపుకు అడ్డంగా నడిచేలా పెట్టాలి. వెనక ఎండకు కాగిన బండ కంటే తడి మట్టి, నీడ ఉన్న నేల మేలు. నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది కాబట్టి తడి నేల ముందు నిలబడిన జంతువు సెన్సర్‌కు మరింత తేటగా తెలుస్తుంది. నీటి మీద ఎండ తళుకులు పడి గాలికి అలలాడితే మాత్రం కెమెరా ఊరికే చిత్రాలు తీస్తూ ఉంటుంది. ఎండకు వేడెక్కి గాలికి ఊగే కొమ్మలదీ అదే తంతు. ఒక్క పొద అడ్డంగా ఉంటే చాలు, సాయంత్రానికి కార్డు నిండా ఆ పొద చిత్రాలే. అలాగని ఎవరి నేల మీది చెట్టునో నరకడం తప్పు. కెమెరానే జరపాలి.

దిక్కు విషయంలో ఉత్తరాన్ని మించింది లేదు. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు చూసే కెమెరా లెన్స్‌లోకి సూర్యుడు దాదాపుగా దూరడు. తూర్పుకు తిప్పితే ఉదయం చిత్రాలు తెల్లబారతాయి, పడమటికి తిప్పితే సాయంత్రం చిత్రాలు పోతాయి. ఎత్తు మోకాలి దగ్గర చాలు. పిట్టలు, ఉడుతలు కావాలంటే ఇంకా కిందికి, నీటి మట్టానికి జానెడు పైకి. నీటి మట్టానికి దగ్గరగా తీసిన చిత్రంలో జంతువు కళ్లు మన కళ్లతో కలుస్తాయి. పైనుంచి తీసినదానిలో వీపే ఎక్కువ.

రాత్రి వెలుగు గురించి కొంచెం చెప్పాలి. మామూలు ట్రయల్ కెమెరాలు రాత్రిపూట పరారుణ దీపాలతో నలుపు తెలుపు చిత్రాలు తీస్తాయి. 850 నానోమీటర్ల దీపాలు దూరం బాగా చూపుతాయి, కానీ ఎర్రటి చిన్న మెరుపు కనిపిస్తుంది. 940 నానోమీటర్లవి మన కంటికి దాదాపు కనపడవు, దూరం తగ్గుతుంది, చిత్రంలో గరుకుదనం పెరుగుతుంది. రంగుల చిత్రం కావాలంటే తెల్ల ఫ్లాష్ తప్పదు. మంచి కెమెరాను పెట్టెలో బిగించి, విడి సెన్సర్ తగిలించి, పక్కల నుంచి రెండు మూడు ఫ్లాష్‌లు అమర్చి చిత్రాలు తీసేవాళ్లున్నారు. అందులో ఫ్లాష్‌ను లెన్స్‌కు దూరంగా జరపడమే కీలకం. దగ్గరగా ఉంటే జంతువు కళ్లు దీపాల్లా వెలిగి ముఖం చదునుగా వస్తుంది. ఆ చిత్రాల అందం వేరు. అయితే ఎండలు ముదిరిన రోజుల్లో, చుట్టూ మరో నీటి చుక్క లేని చోట, తాగడానికి వంగిన జంతువు ముఖం మీద ఫ్లాష్ పేల్చడం నాకు ఇష్టం లేదు. కొన్ని ఉలిక్కిపడవు. కొన్ని తాగకుండానే వెళ్లిపోతాయి. వెళ్లిపోయిన దానికి ఆ రాత్రి ఇంకో కుంట ఉండకపోవచ్చు. నలుపు తెలుపు చిత్రంతో తృప్తి పడటంలో నష్టమేమీ లేదు.

బ్యాటరీల దగ్గర పిసినారితనం పనికిరాదు. ఎండలో కెమెరా పెట్టె లోపల బయటి గాలి కంటే ఎంతో వేడి ఉంటుంది. లిథియం బ్యాటరీలు వేడికీ చలికీ బాగా తట్టుకుంటాయి, అయినా వాటికి తయారీదారులు చెప్పే పరిమితి 60 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కాబట్టి కెమెరాకు నీడ కావాలి. మిగిలినవి చిన్న సంగతులు: లెన్స్ మీద సాలెగూడు, పెట్టెలో చీమలు, కెమెరాను గోకే స్తంభంగా వాడుకునే జావెలీనా. కార్డు మార్చడానికి వెళ్లినప్పుడల్లా లెన్స్ తుడవాలి, గడియారంలో తేదీ సరిగా ఉందో చూడాలి.

నీళ్ల మూలాలు అనేక రకాలు. బండల్లో సహజంగా ఏర్పడిన తొట్లను అక్కడ తినాహాలంటారు. మెక్సికో సరిహద్దు దగ్గరి తినాహాస్ ఆల్టస్ వాటిలో పేరున్నది. ఎల్ కమీనో దెల్ డియాబ్లో అనే పాత బాటలో ప్రయాణికుల ప్రాణాలు ఆ తొట్ల మీదే ఆధారపడేవి. పశువుల కోసం రైతులు తవ్వించిన కుంటలున్నాయి. వీటికి తోడు వన్యప్రాణుల కోసం మనుషులు కట్టినవి. కాలిఫోర్నియాలో 1940లలో బెన్ గ్లేడింగ్ అనే అధికారి క్వెయిల్ పిట్టల కోసం, వాన నీరు దానంతట అదే జారి చేరి నిలిచే తొట్టిని రూపొందించాడు. ఆ పద్ధతి ఎడారి రాష్ట్రాలన్నిటికీ పాకింది. అరిజోనాలో ఇప్పుడు అలాంటి తొట్లు దాదాపు 3,000 ఉన్నాయి. వానలు మొహం చాటేసిన ఏడాది వన్యప్రాణి శాఖ ట్యాంకర్లతో, కొన్ని చోట్ల హెలికాప్టర్లతో వాటిని నింపుతుంది. మన తెలుగు రాష్ట్రాల అటవీ శాఖలు నల్లమలలోనూ ఇతర అడవుల్లోనూ వేసవిలో సాసర్ పిట్లనే పళ్లెం ఆకారపు నీటి గుంటలకు ట్యాంకర్లతో నీళ్లు తోలడం తెలిసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు.

నీళ్లు పెట్టడం పుణ్యకార్యమే, కానీ తప్పుగా పెట్టిన నీళ్లు చంపుతాయి. 1995 వేసవిలో కాలిఫోర్నియా మొహావీ ఎడారిలోని ఓల్డ్ డాడ్ పీక్ దగ్గర ఒక నీటి తొట్టిలో, బిగ్‌హార్న్ అనే పెద్ద కొమ్ముల అడవి గొర్రెల పిల్లలు పడి మునిగి చనిపోయాయి. నీళ్లలో కుళ్లిన ఆ కళేబరాల్లో బ్యాక్టీరియా వల్ల బోట్యులిజం అనే విషం తయారైంది. ఆ నీళ్లు తాగిన గొర్రెలు చనిపోయాయి. మొత్తం 45 గొర్రెల మరణాన్ని పరిశోధకులు నమోదు చేశారు. ఆ కొండల మీది గొర్రెల కోసం కట్టిన తొట్టే వాటిని బలితీసుకుంది. పడిన పిల్ల పైకి ఎక్కడానికి ఒక వాలు ఉంటే ఇంత జరిగేది కాదు. పెరట్లో పెట్టే చిన్న కుండీ అయినా సరే, ఒక వైపు గరుకు రాళ్లతో వాలు కట్టనిదే నీళ్లు పోయకూడదు. పిట్ట, బల్లి, తేనెటీగ, ఏది పడినా కాళ్లకు పట్టు దొరకాలి.

పిట్టల నీళ్లకు ఇంకో గండం ఉంది. గువ్వలు మిగతా పిట్టల్లా ఒక గుక్క ముక్కున పట్టి తల పైకెత్తి మింగవు. ముక్కు నీటిలో ముంచి అలాగే పీల్చి తాగుతాయి. జబ్బుపడ్డ గువ్వ నోటి నుంచి ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి నీటిలో కలిస్తే, దాని పక్కన ముక్కు ముంచిన గువ్వకు అంటుకుంటుంది. గొంతులో పసుపు పచ్చని గడ్డలు కట్టి మింగలేక చనిపోతుంది. కెమెరాలో ఒకే గువ్వ గంటల తరబడి నీటి అంచున ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుని కనిపిస్తే అనుమానించాలి. నీళ్లు పారబోసి, కుండీని బ్రష్‌తో రుద్ది కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఎండలో ఆరబెట్టడం ఈ పరాన్నజీవికి విరుగుడు. ఇలాంటివి కెమెరా మనకు చెప్పగల మేలైన సంగతులు, అయినా అందమైన చిత్రాల వేటలో ఉన్నవాడు వాటిని తీసేసి ముందుకు పోతాడు. దోమల గురించి వేరే చెప్పాలా? ఫీనిక్స్ నగరమున్న మారికోపా కౌంటీలో 2021లో దోమల ద్వారా సోకే వెస్ట్ నైల్ జ్వరం పెద్ద ఎత్తున వ్యాపించింది. వారం తిరక్కుండా నీళ్లు మార్చడం ఇరుగుపొరుగుల పట్ల మన బాధ్యత.

ఇప్పుడు అసలు వివాదం. ఎడారిలో మనుషులు కట్టిన నీటి తొట్లు నిజంగా జంతువులకు మేలు చేస్తున్నాయా? కట్టేవాళ్లు కెమెరా చిత్రాలు చూపించి, ఇదిగో ఇన్ని వచ్చి తాగుతున్నాయంటారు. 1995లో బిల్ బ్రాయిల్స్ ఒక శాస్త్రపత్రికలో ఈ వాదననే ప్రశ్నించాడు. తాగుతున్నాయి నిజమే, తాగడం వల్ల వాటి సంఖ్య పెరిగిందని నిరూపణ ఎక్కడుంది అన్నది అతని ప్రశ్న. నీళ్లుంటే తాగడం, నీళ్లు లేకపోతే బతకలేకపోవడం ఒకటి కావు. ఈ తేడాను కెమెరా ఎప్పటికీ చూపలేదు.

దాన్ని తేల్చాలంటే నీళ్లు తీసేసి చూడాలి. అరిజోనాలోని కబేసా ప్రియేటా వన్యప్రాణి శరణ్యంలో జేమ్స్ కెయిన్, అతని సహచరులు అదే చేశారు. ఒక కొండవరసలో తొట్లను ఎండబెట్టి, మరోదానిలో ఉంచి, బిగ్‌హార్న్ గొర్రెలను గమనించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, నీళ్లు తీసేసినందువల్ల గొర్రెల తీరులో వాళ్లు అనుకున్నంత మార్పు కనిపించలేదు. అయితే నీళ్లు తీసేసిన కాలంలో వానలు మెరుగ్గా పడి మేత పచ్చగా ఉంది. కరువు కాలంలోనూ అలాగే ఉంటుందా అన్న ప్రశ్నకు ఆ ప్రయోగం పూర్తి జవాబు ఇవ్వలేదు. అదే శరణ్యంలో సొనోరన్ ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు కథ ఇందుకు అవతలి వైపు నిలుస్తుంది. 2002 కరువులో అమెరికా వైపు మిగిలినవి 21 మాత్రమే. సంరక్షణలో పిల్లల్ని పెంచి వదలడంతో పాటు నీళ్లు, మేత ఏర్పాటు చేసి వాటిని మళ్లీ నిలబెట్టారు. అంత అడుగంటిన జాతి విషయంలో నీళ్లు అవసరమా అని వాదిస్తూ కూర్చోవడం కుదరదు.

అదే రాష్ట్రంలోని కోఫా వన్యప్రాణి శరణ్యంలో తగవు కోర్టుకెక్కింది. అక్కడ బిగ్‌హార్న్ గొర్రెలు 2000లో 800 దాకా ఉండి, 2006 నాటికి 400 లోపుకు పడిపోయాయి. అధికారులు 2007లో నిర్జనారణ్యంగా చట్టరక్షణ ఉన్న ప్రాంతంలో రెండు నీటి తొట్లు కట్టారు. పర్యావరణ సంస్థలు దావా వేశాయి. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, గొర్రెలను కాపాడాలన్న ఉద్దేశం సరైనదేనంటూనే, అందుకు ఆ తొట్లే తప్పనిసరి అని అధికారులు చూపలేకపోయారని తేల్చింది. వేటను తగ్గించడం, మనుషుల రాకపోకలను అదుపు చేయడం వంటి ఇతర మార్గాలను సరిగా తూచలేదన్నది కోర్టు మాట. నాకు ఈ తీర్పు సబబుగా తోస్తుంది. నీళ్లు పెట్టడం కంటికి కనిపించే పని, చిత్రాలు వస్తాయి, దాతలు సంతోషిస్తారు. వేటను ఆపడం, ఆవాసాలను చీల్చే రోడ్లను, కంచెలను అడ్డుకోవడం కష్టమైన పని, దానికి చిత్రాలుండవు.

లెక్కల దగ్గర మరో పొరపాటు తరచుగా జరుగుతుంది. చిత్రాల సంఖ్య జంతువుల సంఖ్య కాదు. భారతదేశంలో 2018 పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. మొత్తం 3.48 కోట్ల చిత్రాలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651. ఒంటి చారలను పోల్చి చూస్తే అవన్నీ 2,461 పులులవి. ఆ కెమెరాలను ఎక్కువగా పులులు నడిచే బాటల మీద, రెండు పక్కల చారలూ పడేలా జంటలుగా కట్టారు. లెక్క కోసం కట్టే పద్ధతికీ నీళ్ల దగ్గర చిత్రం కోసం కట్టే పద్ధతికీ ఇంత తేడా ఉంది. కయోటీకి చారలు లేవు, జావెలీనాకు మచ్చలు లేవు. ఒకే నక్క రాత్రికి ఆరుసార్లు వస్తే ఆరు నక్కలని రాసుకోవడం చాలా తేలిక.

గుర్తుపట్టగల మచ్చలున్న జంతువు దొరికినప్పుడు మాత్రం కెమెరా అద్భుతాలు చేస్తుంది. అరిజోనాలో ‘ఎల్ హెఫె’ అని పేరు పెట్టిన మగ జాగ్వార్‌ను 2011లో తొలిసారి గుర్తించారు. తర్వాత టూసాన్‌కు దక్షిణాన ఉన్న సాంటా రీటా కొండల్లోని కెమెరాలు దాన్ని 2015 వరకు పట్టాయి. ఆపై జాడ లేదు. చనిపోయిందనే చాలామంది అనుకున్నారు. 2021లో సరిహద్దుకు అవతల మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో ఒక కెమెరా చిత్రంలో కనిపించిన జాగ్వార్ మచ్చలు దాని మచ్చలతో సరిపోయాయి. 2022లో ఆ సంగతి ప్రకటించారు. ఒక్క జంతువు మచ్చల పోలిక, అమెరికా, మెక్సికోల మధ్య సరిహద్దు గోడ మీద ఏళ్ల తరబడి నడుస్తున్న చర్చకు తిరుగులేని సాక్ష్యం ఇచ్చింది: ఈ జంతువులకు రెండు దేశాలూ కావాలి.

అటువంటి చిత్రం దొరికినవాళ్లు చేయకూడని పని, స్థలం వివరాలతో దాన్ని బయట పెట్టడం. ఎడారిలో నీళ్లు కొన్నే. కుంట ఫలానా అని తెలిస్తే జంతువు రేపు కూడా అక్కడికే వస్తుందని ఎవరికైనా తెలుస్తుంది. అరిజోనా 2022 జనవరి 1 నుంచి వేటకు సాయంగా ట్రయల్ కెమెరాలు వాడటాన్ని నిషేధించడానికి మూలం ఇక్కడే ఉంది. ఒక్కో కుంట చుట్టూ పోటీపడి కెమెరాలు కట్టడం, కార్డుల కోసం మనుషులు నిత్యం వచ్చిపోతూ జంతువులను బెదరగొట్టడం, తప్పించుకునే అవకాశమే లేకుండా వేటాడటం న్యాయం కాదన్నది అక్కడి కమిషన్ వాదన. వేటకు సంబంధం లేని చిత్రాలకు, పరిశోధనకు ఈ నిషేధం వర్తించదు. కానీ జాతీయ పార్కుల్లో, శరణ్యాల్లో అనుమతి లేకుండా పరికరాలు వదిలి రాకూడదు. జంతువులకు అడ్డమయ్యేలా నీటి మూలానికి పావు మైలు లోపు గుడారం వేయడం కూడా అరిజోనా చట్టం ప్రకారం తప్పే. మన దగ్గరైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అడుగు పెట్టడానికే అనుమతి కావాలి, కెమెరా సంగతి తర్వాత.

సరిహద్దు దగ్గరి ఎడారిలో ఇంకొక దాహం ఉంది. మెక్సికో వైపు నుంచి కాలినడకన వచ్చేవాళ్లు ఎండకు, దాహానికి ప్రతి ఏటా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. హ్యూమేన్ బోర్డర్స్ అనే సంస్థ వాళ్ల కోసం నీలిరంగు పీపాల్లో నీళ్లు పెట్టి, దూరానికి కనిపించేలా జెండాలు ఎగరేస్తుంది. జంతువుల కోసం కెమెరా కట్టిన కుంట దగ్గరికి మనుషులూ వస్తారు. వాళ్ల ముఖాలున్న చిత్రాలను చూసిన వెంటనే చెరిపేయాలి, ఎవరికీ చూపకూడదు. మనుషుల జాడ ఎక్కువగా ఉన్న చోట కెమెరా కట్టకపోవడమే సరైనది. కెమెరా కనిపించి, భయపడి, ఒక మనిషి నీళ్లు తాగకుండా పక్కకు తప్పుకుంటే ఆ పాపం ఏ చిత్రంతోనూ తీరదు.

పెరట్లోనో, సొంత నేలలోనో నీళ్లు పెట్టి కెమెరా కట్టాలనుకునేవారికి మిగిలింది ఒక్క ఏర్పాటు. మొదలుపెట్టిన వేసవిలో మధ్యలో మానకూడదు. ఊరికి వెళ్లాల్సి వస్తే పక్కింటివారికి అప్పగించాలి. పూర్తిగా మానుకోవాలనుకుంటే మొదటి గట్టి వాన పడ్డాక, చుట్టుపక్కల గుంటలు నిండాక మానాలి. కెమెరా పక్కన ఒక పుస్తకం పెట్టుకుని నీళ్లు మార్చిన తేదీ, మట్టం, వాన పడిన రోజు, కెమెరాను కదిలించిన రోజు రాసుకోవాలి. నీళ్లు ఆపేశాక కూడా రెండు వారాలు కెమెరాను అక్కడే ఉంచి చూస్తే ఎండిన కుండీ దగ్గరికి ఎవరు ఎన్నిసార్లు వచ్చి వెతుక్కున్నారో తెలుస్తుంది. ఆ రాకపోకలు రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే వాటికి వేరే ఆధారం దొరికినట్టే. తగ్గకపోతే కుండీ మళ్లీ నింపాలి.